చప్పట్ల కింద మాట

ఆ విశ్వవిద్యాలయంలో వికలాంగ విద్యార్థులకు అండగా ఒక విద్యార్థి సంఘం ఉండేది. దాని కార్యదర్శి మూడో సంవత్సరం చదివే అమ్మాయి. మంచి మనసున్నది, పనిలో దిగితే తిండీ నిద్రా మరిచిపోయేది. వార్షిక సభ ఏర్పాట్లన్నీ ఆమెవే. సభ రెండో అంతస్తులోని పెద్ద హాలులో. తరచూ ఆగిపోయే లిఫ్టు సరిగ్గా ఆ ఉదయమే మళ్ళీ మొరాయించింది.

సభలో మాట్లాడవలసిన అమ్మాయి చక్రాల కుర్చీలో కిందే ఉండిపోయింది. మాట పేలినట్టుంటుందని స్నేహితులు ఆమెను ‘పటాసు’ అనేవారు.

“సభ కిందికి మార్చేద్దాం అక్కా. ఏ తరగతి గదైనా చాలు” అంది పటాసు.

“ఇప్పుడా? బ్యానరు కట్టేశాం, అతిథులొచ్చి కూర్చున్నారు. మనవాళ్ళున్నారుగా, నువ్వు కంగారుపడకు!”

కార్యదర్శి నలుగురు కుర్రాళ్ళను కేకేసింది. వాళ్ళు కుర్చీని అమాంతం ఎత్తేశారు. మెట్ల పొడవునా చప్పట్లు. కార్యదర్శి ముందు నడుస్తూ అంతా ఫోన్‌లో తీసింది. సాయంత్రం దానికి మనసు కరిగించే సంగీతం జోడించి నెట్‌లో పెట్టింది. వేలమంది చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఉపకులపతి కార్యదర్శిని స్వయంగా పిలిచి మెచ్చుకున్నారు. ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు.

పటాసు మాత్రం ఆ తర్వాత సంఘం వైపు తొంగి చూడలేదు. పరీక్షల హడావిడి కాబోలు అనుకుంది కార్యదర్శి. ఆమె స్థానంలో ఉంటే మనలో చాలామందిమి అలాగే అనుకునేవాళ్ళం.

ఆదివారం కార్యదర్శికి వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

“నీ వీడియో పక్కింటివాళ్ళకీ చూపించానే. కానీ మెట్లెక్కేటప్పుడు ఆ పిల్ల ఏదో అంటోంది. ఏమందే?”

“ఏముంటుందమ్మా? జాగ్రత్త అనుంటుంది.”

“అది జాగ్రత్త చెప్పే మొహం కాదే. ముగ్గుర్ని పెంచినదాన్ని, నాకు తెలీదూ?”

కార్యదర్శి ఫోన్ పెట్టేసి, సంగీతం కలపని అసలు వీడియో తెరిచింది. చప్పట్ల మధ్య నుంచి సన్నటి గొంతు వినిపించింది. “దించండి అన్నా... భయమేస్తోంది. వద్దన్నాను కదా, దించండి!” దాని మీదుగా మరో గొంతు హుషారుగా అరిచింది. “పటాసూ, ఇటు చూడు! కొంచెం నవ్వు!”

అది తన గొంతే.

గదిలో ఎవరూ లేరు. అయినా తలెత్తలేకపోయింది. ఆ మాట ఆ రోజు తన చెవిన పడలేదా? పడింది. దృశ్యం చక్కగా వస్తోందని విననట్టు ఊరుకుంది. సంగీతం జోడించింది కూడా అందుకేనా అనిపించేసరికి సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

వెంటనే పటాసు గదికి వెళ్ళింది. పటాసు మంచం మీద బట్టలు మడతపెడుతోంది.

“తప్పయిపోయింది. నువ్వు వద్దన్నది విన్నాను. విని కూడా...” అంది కార్యదర్శి.

“ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా వెనకనుంచి వచ్చి నా కుర్చీ తోసేస్తున్నారక్కా” అంది పటాసు మడత ఆపకుండా. “వీడియో చూశాం, సాయం చేస్తాం అంటారు. పడిపోతానన్నా నవ్వుతారు.”

“తీసేస్తాను. లేదా నీ గొంతుతోనే మళ్ళీ పెట్టి, నా తప్పు ఒప్పుకుంటాను. ఏం చెయ్యమంటావు?”

పటాసు అప్పుడు తలెత్తింది. “నన్ను అడగడం ఇదే మొదలు. తీసెయ్. నా మాట నేనే చెప్పుకుంటాను.”

తర్వాతి సమావేశం కింది అంతస్తులో ఒక తరగతి గదిలో జరిగింది. ఊతకర్రలతో, చేతికర్రలతో విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. తమ సంఘం ఎవరికోసమైతే పుట్టిందో, వాళ్ళలో సగం మంది ముఖాలు కార్యదర్శి ఎన్నడూ చూసినవి కావు. ఆ లిఫ్టును నమ్ముకుని పైన హాలులో పెట్టిన సభలకు వాళ్ళెలా వస్తారు? ఆ సంగతి తనకు ఒక్కసారైనా తట్టలేదు. ఆమె లేచి, తను చేసింది దాచకుండా అందరికీ చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెళ్ళి వెనక వరుసలో తల వంచుకుని కూర్చుంది.

పటాసు తన కుర్చీని తనే నడుపుకుంటూ ముందుకు వచ్చింది.

“మమ్మల్ని మోయమని మేమెవర్నీ అడగలేదు. మేం రాగలిగిన చోట సభ పెట్టమన్నాం, మా మాట వినమన్నాం. మమ్మల్ని అడక్కుండా, వద్దన్నా ఆపకుండా చేసేది ఎంత మంచి మనసుతో చేసినా సాయం కాదు, అది మా మీద పెత్తనం.”