నీళ్లడిగే కొంప బయటికి

గణేశ్వరరావు చేతిలో మొదట ఉన్నవి మూడు: రోడ్డు మీద హార్డ్‌వేరు దుకాణం, హిందీలో అర్జీ రాయగల నేర్పు, వెనక గుట్ట మీది బస్తీవాళ్ల నమ్మకం. మూడోదానికి గిరాకీ ఉందని కౌన్సిలరు చెప్పేదాకా అతనికి తెలీదు.

రేషన్ కార్డుకైనా, ఈ దీవుల్లో స్థిరపడ్డవాళ్లకిచ్చే ఐలాండర్ కార్డుకైనా బస్తీవాళ్లు అతని చేతే రాయించుకునేవారు. మూడు రోజులకోసారి అరగంట వచ్చే నీళ్ల గురించి ఇది అర్జీ అన్నాడు. నూట పన్నెండు మంది చదివించుకోకుండానే సంతకాలు పెట్టారు. అతను రాసింది వేరు: మా గుట్టను పట్టణం హద్దులోంచి తీసి పంచాయతీలో కలపండి. అందుకు కౌన్సిలరు కాలవ కాంట్రాక్టు ఇస్తానన్నాడు.

హద్దు మార్పు మీద విచారణ నాడు వార్డు ఆఫీసు మెట్ల దగ్గర ఆఫీసరు నక్షా పరిచాడు. కొత్త గీత దుకాణాలన్నిటినీ లోపల ఉంచుకుని, గుట్ట మొదట్లో ఠక్కున వంగింది.

"మీరే కదా అడిగారు?" అని కాగితం చూపించాడు.

కాలేజీలో చదివే బస్తీపిల్ల సుష్మ దాన్ని లాక్కుని పైకి చదివింది. జనమంతా గణేశ్వరరావు వైపు తిరిగారు.

"ఏటి బాబూ, పానీ కోసం రాయమంటే ఏటి రాసినావు?" అంది చేపలమ్మే సింహాచలమ్మ.

"పంచాయతీ అయితే పన్ను తక్కువ, దీదీ..."

"అరే భయ్యా, పన్ను కట్టే కొంపేనా నాది? నాకున్నవి రెండు బిందెలు!"

చాతం దీవి రంపపు మిల్లు కూలీ లక్ష్ముడు నక్షా మీద వేలు పెట్టాడు. "హద్దులెందుకు మారుస్తారో తెలిసినాదా? పన్ను కట్టే దుకాణం లోపలికి, నీళ్లడిగే కొంప బయటికి. రేపు పంచాయతీని అడిగితే, గొట్టం టౌనుది, అక్కడికే పొమ్మంటాది."

గణేశ్వరరావు తల ఎత్తలేకపోయాడు. సింహాచలమ్మ మొగుడు పోయినప్పుడు పింఛను కాగితం రాసింది అతనే. ఆమె కొంగు చాటున తెచ్చిచ్చిన ఎండుచేపలు తిన్నాడు కూడా.

"నేనే రాశాను," అన్నాడు ఆఫీసరుతో. "అబద్ధం చెప్పి సంతకాలు పెట్టించాను. కాంట్రాక్టు కోసం. రాసుకోండి."

"ఇప్పుడా!" అని ఎవరో ఉమ్మేశారు.

గీత చెరిపేదాకా కదలమని జనం మెట్ల మీదే కూర్చున్నారు. సాయంత్రం పోలీసులు అరవై మందిని వ్యానుల్లోకి తోశారు. ఎవరూ పిలవకపోయినా అతనూ ఎక్కాడు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు కాగితాలు పంచాడు. "దస్తఖత్ పెట్టి ఇళ్లకు పోండి."

"ముందు చదవాల, సాబ్," అంది సింహాచలమ్మ.

గణేశ్వరరావు చెయ్యి చాపాడు.

"నువ్వు కాదు." ఆమె కాగితం సుష్మకిచ్చింది.

హద్దుల మీద ఇక ఆందోళన చెయ్యబోమని ఉంది అందులో. ఒక్కరూ కలం ముట్టలేదు. చివరికి అలాగే వదిలేశారు.

తేల్చి చూస్తే మిగిలినవి ఇవి: విచారణ ఆగింది, రద్దు కాలేదు. నీళ్లు ఇప్పటికీ మూడో రోజుకే. కాంట్రాక్టు పోయింది. చదవనిదే సంతకం పెట్టని మనుషులు అరవై మంది తయారయ్యారు. ఆ అరవైలో అతన్నెవరూ లెక్కపెట్టలేదు.