వానదేవుడికి నీళ్ళు పొయ్యని కోడలు

నా నోరు మంచిది కాదని దిబ్బూరహళ్ళిలో అందరికీ తెలుసు. నేనేం దాచిపెట్టను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మూడేండ్లుగా చెరువులో దుమ్ము లేస్తాంటే ఎవరి నోరు మంచిగుంటాది చెప్పండి.

నయాపైసలొచ్చిన కొత్తలో మాట. కార్తీకంలో ఒకనాడు సీనప్ప కాఫీ హోటల్లో రేడియో చెప్పింది, సముద్రంలో తుపాను పుట్టిందని. మా చెరువు నిండల్లంటే మద్రాసు పక్కనో నెల్లూరు పక్కనో తుపాను కొట్టల్ల. అది అక్కడ ఎగిరెగిరి అలిసిపోయి మాదాకా వస్తే మూడు దినాలు ముసురు. ఫలానా తుపానుకి చెరువు తెగింది, ఫలానా తుపానుకి పెద్దోడు పుట్టినాడు అని మా ఊర్లో వయసులు లెక్కేసేది గూడా వాటితోనే. అయితే ఈ పాడు తుపానులు సగం దావలో ఒరిస్సా పక్కకి తిరుక్కుంటాయి.

అట్ల తిరుక్కోకుండా వానదేవుణ్ణి ఊరేగించల్లని మా ఊరి పెద్ద పిళ్ళప్ప తాత చెప్పినాడు. బంకమన్నుతో బొమ్మ చేసి, చెక్కపలక మీద పెట్టి, మా ఊరి బయ్యప్ప నెత్తినెత్తుకొని ఇల్లిల్లూ తిరుగుతాడు. ప్రతి ఇంటి కోడలూ ఒక బిందెడు నీళ్ళు బొమ్మ మీద పోసి, చేటలో రాగిపిండి ఇయ్యల్ల. సాయంత్రానికల్లా బయ్యప్పకి జలుబు తప్పదు.

మా వాకిట్లోకొచ్చి నిలబడినారు. నా కోడలు సుజాత బయటికి రాలేదు. నెల్లూరు పక్క సముద్రం ఒడ్డు పిల్ల అది. మావాళ్ళు ఉర్లగడ్డలు, అదే ఆలుగడ్డలు, అమ్మేదానికి తోలుకొని ఆ పక్కకి పోతాండిరి, ఆ పరిచయంలో నా కొడుకు మునినారాయణకి చేసుకుంటిమి. నోట్లో నాలుక లేని పిల్ల. అట్లాంటిది వంటింట్లో బిందె పట్టుకొని కూచోనుండాది.

"ఏమే, ఊరంతా వాకిట్లో నిలబడుంటే నీకు కాళ్ళు పడిపోయినాయా?" అంటి.

"నేను పొయ్యలేనత్తా" అనింది. "తుపాను మా ఊరి పక్కకే వస్తాండాది. అమ్మ ఒక్కతే గుడిసెలో ఉండాది. నా తొమ్మిదో ఏట వచ్చిన ఉప్పెనలో నాయన బర్రెల్ని విప్పేదానికి పోయి మళ్ళ రాలేదు. ఇప్పుడు నా చేత్తో ఎట్ల పిలిచేది?"

నేనేమి చేసినాను? చెప్పుకుంటే సిగ్గు. ఆ బిందె పెరుక్కొని పోయి నేనే పోసినా. ఒకటి గాదు, రెండు బిందెలు. యాడికీ తిరుక్కోవద్దు సామీ, నేరుగా ఇట్లే రా అని మొక్కుకుంటి.

మూడో దినం తుపానువాన మాదాకా వచ్చింది. ఆకాశానికి చిల్లు పడినట్ల కురిసి, చెరువు నిండి కోడి పోయింది, అలుగు మీద నీళ్ళు పొర్లి పారినాయి. ఊరంతా ఆ పారే నీళ్ళలో ఎగురుతాంటే నేను గూడా చీర ఎగజెక్కి దిగినా. ఇంటికొస్తా చూస్తే, సుజాత సీనప్ప హోటల్ వెనక వాకిట్లో గోడకి ఆనుకొని నిలబడుండాది. నెల్లూరు పక్క ఊర్లు నీళ్ళల్లో ఉండాయని లోపల రేడియో చెప్తాండాది. ఎగజెక్కిన చీర అప్పుడు గబగబా దించుకుంటి.

మునినారాయణ చింతామణి బస్టాండు దంకా పోయి, ఆ పక్కకి బస్సులు లేవని వాపసొచ్చినాడు. ఎనిమిది దినాలు ఆ పిల్ల సరిగ్గా సంగటి ముట్టలేదు. తినమ్మా అని బతిమాలేదానికి నాకు మొకం లేదు. దినమంతా కోళ్ళని తిట్టినా.

తొమ్మిదో దినం టపాలాయన కార్డు తెచ్చె. సుజాత అది ముట్టుకోకుండా దూరంగా నిలబడితే మునినారాయణ చదివినాడు. "అమ్మాయ్, నేను బాగుండాను. గుడిసె పోయింది, బర్రె పోయింది. రెండు దినాలు స్కూలు మిద్దె మీద కూచోనుంటిమి. దిగులు పడొద్దు. మీ పక్క మూడేండ్లుగా వానల్లేవని రాసినావు గదా. ఈ గాలివానకి మీ చెరువన్నా నిండిందా?"

ఆ కడాకరి మాట ఇంకొకసారి చదవమంటి.

సుజాత ఏడుస్తా నవ్వుతా జవాబు రాసేదానికి కూచునింది. "ఏం రాసేదత్తా?" అనింది.

"నిండిందని రాయి. రెండు బిందెలు పోసి మొక్కుకునింది మా అత్తేనని గూడా రాయి. దాచొద్దు" అంటి.

రాసింది. నాకు అక్షరం రాదు గదా, మునినారాయణని చదవమంటి. "చెరువు నిండిందమ్మా. అత్త నిన్ను ఈడికే వచ్చి మా ఇంట్లోనే ఉండమంటాండాది" అని చదివినాడు.

బిందెల మాటే లేదందులో. ఉండమని నేనట్ల చెప్పలేదు. చెప్పల్లని తోచుంటే, నేనే ముందు చెప్పుండేదాన్ని.