సి, యు, డబుల్ డి

చాంద్ బేగం ఆపా ఎక్కిన బస్సు మా ఆఫీసున్న కర్నూలు చేరిందని ఫోనొచ్చేసరికి నా వెబ్‌సైటు ఇంకా మొండికేసే ఉంది.

కడప, కర్నూలు మధ్య ఆపా బస్సులు నాలుగు తిరుగుతాయి. వాటి టికెట్లు అమ్మే 'కడప సవారీ' సైటు నేను సొంతంగా పట్టుకున్న మొదటి పని. అందులో లాగిన్, సీట్లు, టికెట్టు అని మూడు భాగాలు. ఒక భాగంలోంచి ఇంకోదానిలోకి వెళ్తే చాలు, మళ్లీ పాస్‌వర్డు అడిగేది. పెళ్లి పందిట్లో మర్యాదగా కూర్చోబెట్టి, భోజనాల దగ్గర "మీరెవరు?" అన్నట్టు! "ఈపొద్దు గూడా అట్లే అడిగితే పని వేరేవాళ్లకిస్తా" అని ఆపా ముందే తేల్చి చెప్పింది.

మందు నాకు తెలుసు. లాగిన్ అయినవాళ్ల గుర్తుగా సైటు బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న చీటీ పెడుతుంది. దానిమీద సైటు అసలు పేరు రాస్తే మూడు భాగాల్లోనూ చెల్లుతుంది. పొద్దున్నే రాశాను. చెల్లలేదు సరికదా, ఇప్పుడు ప్రతి పేజీలోనూ అడుగుతోంది! ఒళ్లు మండి పక్క సీటు రబ్బానీ మీద అరిచాను. పాపం, అతను టీ తాగుతున్నాడంతే.

ఆపా వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని, పైకి చదువుతూ ఫోన్లో సైటు పేరు కొట్టసాగింది.

"కె, ఏ, డి, ఏ..."

కె! నేను చీటీ మీద రాసింది సి. సి, యు, డబుల్ డి! చిన్నప్పుడు మా కడప స్పెల్లింగు అదే. తప్పు రాశానని సుచరిత టీచర్ వందసార్లు రాయించింది. ఊరి స్పెల్లింగు మారి ఇన్నేళ్లయినా నా చెయ్యి మారలేదు. వేరే పేరున్న చీటీని బ్రౌజర్ ఎందుకు ఉంచుకుంటుంది?

"ఒక్క నిమిషం ఆపా!"

"ఏం పాపా, అట్ల అరుస్తాండావు?"

గబగబా సరిచేశాను. ఆపా లాగిన్ అయింది. సీట్లు నొక్కింది. అడగలేదు! టికెట్టు నొక్కింది. అడగలేదు! నేను ఎగిరి గంతేస్తే రబ్బానీ టీ కాస్తా ఒలికిపోయింది.

సంగతి చెబితే ఆపా పకపకా నవ్వింది. "మా నాయన మొదటి బస్సు మీద గూడా అట్లే రాయించినాడు. శానా బాగుండాది పాపా, మిగతా పనీ నువ్వే చెయ్యి." ఒప్పంద కాగితం నా ముందు పెట్టింది. "ఈడ నీ పేరు, ఊరు రాయి."

శివజ్యోతి అని ఇంగ్లీషులో రాశాను. ఆనందంతో అక్షరాలు సరిగ్గా కనపడటం లేదు. ఊరు దగ్గర పెన్ను అప్పుడే 'సి' చుట్టేసింది.

ఆపా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కె, పాపా. కె!"