రేర్ బ్లడ్ ప్రెసిడెంటు గారు

అమలాపురంలో ఎవరు గొప్పవాళ్ళో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, నా షాపుకి రండి. పుట్టినరోజులు, పదవులు, తీర్థాలు, ఓణీల ఫంక్షన్లు, అన్నిటికీ ఫ్లెక్సీలు వేసేది నేనే. నా పేరు లక్ష్మీదుర్గ. మెడలో పులిగోరు, కళ్ళకి నల్లద్దాలు, వెనకాల నడిచొచ్చే సింహం, అన్నీ నా కంప్యూటర్లో సిద్ధంగా ఉంటాయి. తలకాయ ఒకటి మార్చాలి, అంతే. నిజం చెప్పొద్దూ, ఈ ఊళ్ళో సగంమంది గొప్పతనం నా మౌసు కిందే పుట్టింది.

నాకు గిరాకీ ఇచ్చేవాళ్ళలో పెద్ద చెయ్యి సూర్యప్రకాష్ గారిది. ఆయనది కొబ్బరి వ్యాపారం. కానీ ఆయన గొప్పతనం కొబ్బరిలో లేదు, రక్తంలో ఉంది. ఓ నెగటివ్! కుర్రతనంలో కువైట్ వెళ్దామని రాజోలు ఏజెంటు దగ్గర మెడికల్ చేయించుకుంటే, చేతికొచ్చిన కార్డు మీద అలా ఉందట. కువైట్ ఎందుకో కుదరలేదు. కార్డు మాత్రం లామినేషన్ చేయించుకుని అప్పటినుంచీ జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. రేర్ బ్లడ్ బ్రదర్స్ అని ఒక సంఘం పెట్టి దానికి ప్రెసిడెంటు కూడా అయ్యారు. బండి మీద ఓ నెగటివ్, ఇంటి గేటు మీద ఓ నెగటివ్. ఆఖరికి కూతురి శుభలేఖలో కూడా, మిగతావాళ్ళు పేరు పక్కన చదువులు వేసుకునే చోట, ఈయన గ్రూపు వేయించుకున్నారు.

పోయిన జూన్‌లో, రక్తదాతల దినోత్సవానికి ముందు, మామూలుగానే షాపుకొచ్చారు.

"దుర్గమ్మా, ఈసారి రేర్ అన్న మాట నా ఫొటో కన్నా పెద్దగా రావాలమ్మా. ఇంగ్లీషులోనే ఉండాలి."

మా షాపులో ఫ్యాను కింద కుర్చీ ఒకటుంది. రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ వెంకటరాజు గారు రోజూ పొద్దున్నే వచ్చి అందులో కూర్చుని నా పేపరు చదువుకుంటారు. అడిగినా అడక్కపోయినా పాఠం చెప్పే అలవాటు ఆయనకింకా పోలేదు.

"ఆ మాటకి అర్థం తెలుసాండీ ప్రకాష్ గారూ?" అన్నారు పేపరు దించి.

"తెలీకేమండి. దొరకనిది. గొప్పది."

"గొప్పతనం తర్వాతొచ్చి అంటుకుందండి. దాని మూలం లాటిన్‌లో ఉంది, రారుస్ అని. అంటే పలచన. ఎడం ఎడంగా ఉన్నదని. చేపలు పట్టే పెద్ద కళ్ళ వల ఉంటాది చూడండి, దానికి అనేవోరు. ఊడిపోతున్న జుట్టుకీ అనేవోరు."

సూర్యప్రకాష్ గారి చెయ్యి దానంతటది తల మీదకి వెళ్ళింది. నేను కంప్యూటర్ వైపు తిరిగిపోయాను. ఫ్లెక్సీల్లో ఆయనకుండే జుట్టంతా నేను పెట్టిందే.

"ఇంకో రేర్ ఉందండి," లెక్చరర్ గారు ఆగలేదు. "మాంసం సగం ఉడికిస్తే హోటళ్ళలో రేర్ అంటారు. దీనికీ దానికీ చుట్టరికం లేదు. అది పాత ఇంగ్లీషులో, సరిగ్గా ఉడకని కోడిగుడ్డు దగ్గర పుట్టిన మాట. ఊళ్ళు వేరు, ఇంటిపేర్లు వేరు, పిలుపు మాత్రం ఒకటే అయింది."

"గుడ్ల గొడవ నాకెందుకండి! దొరకనిది, అంతేనండి."

"దొరక్కపోవడంలో కూడా తేడా ఉందండి. సెల్‌ఫోన్లలో వేస్తారే, రేర్ ఎర్తులని, అవి భూమిలో బోల్డున్నాయంట. పలచగా పరుచుకుపోయి ఉండేసరికి ఒకచోట పోగుపడవు. ఉంటాయండి, చేతికి దొరకవు."

ఈయనకి పనీపాటా లేదని ప్రెసిడెంటు గారు నావైపు చూసి కన్ను గీటారు. నేనూ అలాగే అనుకున్నాను. మాట మార్చడానికి అడిగాను, "ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఇచ్చేరండి రక్తం? ఆ అంకె కూడా వేద్దాం."

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. "ఎడాపెడా ఇచ్చేసేది కాదమ్మా ఇది. రేర్ కదా! నిజంగా అవసరం వచ్చిన రోజుకి ఉంచుకోవాలి."

అంటే ఒక్కసారీ ఇవ్వలేదు. రక్తమంటే అటక మీద ఆవకాయ జాడీ అనుకుంటున్నారు కాబోలు. నాకెందుకులే అని "విశ్వదాత" అని టైపు చేసి, కింద "ఓ నెగటివ్ ఎవరికైనా ఎక్కును" అని వేసి ఇచ్చాను.

ఆ దినోత్సవం రోజు పొద్దున్నే మా చెల్లి బేబికి నెప్పులొచ్చాయి. దాని మొగుడు దొరబాబు దోహాలో ఉన్నాడు. ఆసుపత్రికి నేనూ అమ్మా తీసుకెళ్ళాం. ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగానే ఉంది గానీ బేబికి రక్తం పోవడం ఆగలేదు. డాక్టరమ్మ బయటకొచ్చి, వెంటనే రక్తం ఎక్కించాలి, ఓ పాజిటివ్, అంది.

బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్ గంగబాబు ఉన్నవాటిలో ఒక ప్యాకెట్టు ఇచ్చాడు. అది ఎక్కుతుండగానే డాక్టరమ్మ ఇంకోటి కావాలంది. మళ్ళీ పరిగెత్తాను.

"ఇంకొక్కటే ఉందండి. అది రేపు పొద్దున్న ఆపరేషన్ అయ్యే ఆయన కోసం ఉంచింది," అన్నాడు గంగబాబు. "మీ తరపున ఓ పాజిటివ్ మనిషిని గానీ, ఓ నెగటివ్ మనిషిని గానీ ఒకళ్ళని తెచ్చి ఈ మంచం మీద పడుకోబెట్టండి. ఇది మీ చెల్లిగారికి పంపించేసి, వాళ్ళిచ్చింది రేపటికి ఉంచుతానండి."

నాది బీ. అమ్మకి షుగరు. ఫోన్లు మొదలుపెట్టాను. మా పెదనాన్న కొడుకు ఎత్తి, విషయం విని, హమ్మయ్య అన్నాడు. "ఓ పాజిటివేనా! భయపెట్టేసేవు కదే. ఊరంతా అదే. ఎవడో ఒకడు ఇస్తాడులే." వాడిది ఓ పాజిటివ్. మా ఇంటి ఓనరు గారూ అదే మాట. పక్క షాపు ఆయనా అదే మాట, కాకపోతే ఆయన "అండీ" చేర్చారు. అందరికీ ఆ రక్తం ఉంది. ఎవడో ఒకడు ఇస్తాడని అందరికీ ధైర్యం ఉంది. ఆ ఎవడో ఒకడు ఫోను ఎత్తడం లేదు.

రేర్ బ్లడ్ బ్రదర్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. క్షణంలో జవాబొచ్చింది. "మేడమ్, ఈ గ్రూపు రేర్ కేసులకి మాత్రమే." పక్కన దండం బొమ్మ. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. ఉంటాయండి, చేతికి దొరకవు, అన్న లెక్చరర్ గారి మాట అప్పుడు తలకెక్కింది. ఇంకెవరికీ ఫోను చెయ్యలేదు. వీధి చివర ఫంక్షన్ హాల్లో వాళ్ళ సభ జరుగుతోంది. తిన్నగా అక్కడికే వెళ్ళాను.

నేను వేసిన ఫ్లెక్సీ కింద, పెళ్ళికొడుకు కుర్చీలో, శాలువా కప్పుకుని కూర్చున్నారు సూర్యప్రకాష్ గారు. ఎవరో ఆయన్ని పొగుడుతున్నారు. నేను స్టేజి ఎక్కి మైకు లాక్కున్నాను.

"అందరికీ నమస్కారమండి. ఓ నెగటివ్ ఎవరికైనా ఎక్కుతాదని ఈ ఫ్లెక్సీ మీద నేనే రాసేనండి. మా చెల్లి అవతల మంచం మీద ఉందండి. ప్రకాష్ గారూ, మీరు ఇన్నాళ్ళూ దాచుకున్న అవసరం వచ్చేసిందండి. లెగండి."

హాలంతా చప్పట్లు. ఆయన మొహంలో ఉన్న రక్తం కూడా ఎటో పోయింది. చప్పట్లు ఆగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని చూశారు గానీ, అవి ఆగలేదు. "ఆయ్... తప్పకుండానండి," అన్నారు. మెడలో దండతోనే కారెక్కించాం. వెనకాల కెమేరాలు.

గంగబాబు కెమేరాలని గుమ్మం బయట ఆపేశాడు. ఆయన వేలు పొడిచి, చుక్కలు తెల్ల పలక మీద వేసి, మందు కలిపి, అటూ ఇటూ వంచి చూశాడు.

"ఓ పాజిటివ్ అండి."

ప్రెసిడెంటు గారు నవ్వారు. "సరిగ్గా చూడు బాబూ." ఇంకో వేలు పొడిచాడు. మళ్ళీ అదే. లామినేషన్ కార్డు తీసి చూపించారు. గంగబాబు దాన్ని తిప్పి చూసి ఇచ్చేశాడు.

"అప్పట్లో ఏజెంట్లు కార్డులు కట్టకట్టి పంచేసేవోరండి. ఎవరిదో మీకొచ్చుంటాది. ఒక్కసారి రక్తం ఇచ్చుంటే ఆవేళే తెలిసిపోయేదండి," అన్నాడు. ఆ కుర్రాడి మాటలో ఏ వెటకారమూ లేదు.

నాకైతే ప్రాణం లేచొచ్చింది. మాకు కావలసిందే అది! చేతులు జోడించబోతున్నాను, ఆయన మంచం దిగి చొక్కా చెయ్యి కిందకి లాక్కుంటున్నారు.

"అయితే మనది పనికిరాదమ్మా."

"అదే కావాలండి బాబూ!"

"అది కాదమ్మా... బయట అందరూ ఉన్నారు. ప్యాకెట్టు మీద పాజిటివ్ అని రాస్తారు. నాకు కాస్త బీపీ కూడా ఉంది. ఆ గ్రూపు ఎవరైనా ఇస్తారు కదమ్మా."

అవతల మా చెల్లి చల్లబడిపోతోంది. ఈ మనిషి తను మామూలు మనిషినని తెలిసిపోతుందేమోనని గింజుకుంటున్నాడు. అంత కోపం నాకు జన్మలో రాలేదు. గొంతు మాత్రం పెంచలేదు.

"పడుకోండి ప్రకాష్ గారూ. మీరిస్తే ఈ సంగతి నేను ఫ్లెక్సీ వెయ్యను. ఇవ్వకుండా ఈ గుమ్మం దాటేరా, సాయంత్రానికి గడియార స్తంభం దగ్గర మీ నిలువెత్తు ఫొటో. జుట్టు ఉన్నది ఉన్నట్టు. కింద ఓ పాజిటివ్. ఖర్చు నాదే."

ఆయన నావైపు చూశారు. వేస్తానని నమ్మినట్టున్నారు. పడుకున్నారు. బీపీ బాగానే ఉందని గంగబాబు చూసి చెప్పాడు. సూది దిగుతుంటే కళ్ళు గట్టిగా మూసుకున్నారు. రక్తం అందరికీ వచ్చినట్టే ఎర్రగా వచ్చింది. ఆయన సంచీ నిండకముందే ఫ్రిజ్‌లో ప్యాకెట్టు బేబి దగ్గరకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి డాక్టరమ్మ, ఇక భయం లేదు, అంది. అప్పుడు ఏడ్చాను.

రెండ్రోజులు పోయాక సూర్యప్రకాష్ గారు షాపుకొచ్చారు. మంచం మీద పడుకుని ఉండగా కిటికీలోంచి తీయించుకున్న ఫొటో ఫోన్లో చూపించి, "ప్రాణదాత అని వెయ్యమ్మా," అన్నారు.

"గ్రూపు ఏం వెయ్యమంటారండి?"

ఫ్యాను కింద పేపరు వైపు ఓరగా చూశారు. "గ్రూపెందుకమ్మా. రేర్ అని వేసెయ్, చాలు."

వేశాను. అది నా వ్యాపారం. ఆయన వెళ్ళాక జరిగిందంతా వెంకటరాజు గారికి చెప్పాను. ఫ్లెక్సీ వెయ్యనన్నాను గానీ చెప్పనని అనలేదుగా.

ఆయన విని, "అయితే రేర్ అన్నది అబద్ధం కాదులే అమ్మా," అన్నారు. "అంతమంది ఓ పాజిటివ్‌లలో ఆవేళ అక్కడికి వచ్చినోడు ఆయనొక్కడే కదా."

"వచ్చేరా? ఈడ్చుకొచ్చేనండి," అన్నాను.

బేబిని ఇంటికి తీసుకొస్తుంటే ఆటో గడియార స్తంభం దగ్గర ఆగింది. పైన ప్రెసిడెంటు గారు, కొత్త జుట్టుతో. బేబి పిల్లని ఒళ్ళో సర్దుకుని తలెత్తి చూసి, "ఈయన రక్తమే కదక్కా నాకెక్కింది?" అని రెండు చేతులూ జోడించింది.

కాదు. ఆయనది మర్నాడు ఆపరేషన్ అయినాయనకి వెళ్ళింది. బేబికి ఎక్కిన రెండూ వేరే ఎవరివో. అంతకు ముందెప్పుడో వచ్చి, చెయ్యి చాపి ఇచ్చి, వాళ్ళు పెట్టిన బిస్కట్లు తిని, పని చూసుకోవడానికి వెళ్ళిపోయిన వాళ్ళవి. ఎవరని గంగబాబుని అడిగితే పేర్లు చెప్పకూడదండి అన్నాడు. వాళ్ళూ ఓ పాజిటివే. ఊరంతా అదే.

చెల్లికి ఏమీ చెప్పలేదు. నేనూ దానితోపాటు దండం పెట్టాను, ఫ్లెక్సీ వైపు మాత్రం చూడకుండా. ఫొటో లేనివాళ్ళకి ఫ్లెక్సీ వెయ్యడం నాకింకా చేతకాలేదు.