సగం తడిసిన ట్రాక్

ముందే ఒప్పుకుంటాను. రిమోట్‌తో నడిచే బుల్లి కారు కోసం ఇంజనీరింగ్ చదివిన మనిషికి అన్నం సయించడం లేదని విన్నప్పుడు నేను పడీపడీ నవ్వాను. సంగతంతా తెలిశాక నవ్వలేదు.

ఆ మనిషి పేరు వర్ష. రాజమండ్రి అమ్మాయి. భర్త శ్రీహర్షకి సౌదీలో, యాన్బులో రిఫైనరీ ఉద్యోగం. వర్షకి ఉన్నదల్లా ఇకామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి కార్డు మీద 'డిపెండెంట్' అన్న ముక్క. కంట్రోల్ సిస్టమ్స్ చదివి, వచ్చినప్పటి నుంచీ అప్లికేషన్లు పెడుతూనే ఉంది. ఒక్కరూ పలకలేదు. వాళ్ళుండే ఇళ్ళ కాంపౌండ్‌లో అందరికీ ఆమె శ్రీహర్ష గారి మిసెస్. ఊరి చివర రిమోట్ కార్ల రేసులు నడిపే ఆర్సీ క్లబ్బులో మాత్రమే వర్ష. ఆ క్లబ్బు ఆడవాళ్ళ టీమ్ జెడ్డా పోటీకి వెళ్తోంది. టీమ్ చొక్కా మీద ఎవరి పేరు వాళ్ళకే ఉంటుంది. మిగిలింది ఒక్క చోటు, కావాలన్నది ఇద్దరు. వర్ష, అఫ్రీన్.

అఫ్రీన్‌ది నిజామాబాద్. ఇక్కడి ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. వర్షని మొదటిసారి ట్రాక్‌కి లాక్కొచ్చింది ఆమే. ఇప్పటికీ తన కార్లోనే తీసుకొచ్చి దింపుతుంది.

పొద్దు గూకాక చేసే మగ్రిబ్ నమాజు తర్వాత ఇద్దరికీ ఒక్క రేసు. గెలిచినవాళ్ళు జెడ్డాకి. క్లబ్బువి రెండు బగ్గీలున్నాయి, మట్టిలో పరిగెత్తే బుల్లి కార్లు. కొత్తగా చేరినవాళ్ళు ముందు ఎంచుకోవడం అక్కడి మర్యాద. అంటే వర్ష. ఆమె తీసుకోగా మిగిలింది అఫ్రీన్‌కి.

"ఇంకెంతసేపు చూస్తవే? పెళ్ళిచూపులకొచ్చిన పిలగాండ్లా అవి?" అంది అఫ్రీన్.

"నువ్వుండవే బాబూ. నాకసలే అన్నం కూడా సయించడం లేదు."

"ఏం తిన్నవ్?"

"ఏం తినలేదు. ముందు బగ్గీ సంగతి తేలనీ."

ఒక బగ్గీకి వెనక చక్రాలే తిరుగుతాయి. తేలిక, మోటారు నడుమన ఉంటుంది. రెండోదానికి నాలుగూ తిరుగుతాయి. బరువు, మొండి. ట్రాక్ బంకమట్టిది. తడిగా ఉంటే మట్టి చక్రాన్ని పట్టుకుంటుంది. అప్పుడు రెండు చక్రాలది మలుపులో వెన్నలా తిరుగుతుంది. నాలుగు చక్రాలదానికి మాత్రం ఆ పట్టు ఎక్కువై, మలుపులో పల్టీ కొడుతుంది. అదే మట్టి ఎండి పైన పిండి లేచిందా, కథ తిరగబడుతుంది. రెండు చక్రాలది, దూడ తోక ఊపుకుంటూ గడ్డివాములోకి పోయినట్టు, పక్కకి పోతుంది, నాలుగు చక్రాలది ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది.

కాబట్టి ఏ బగ్గీ అన్నది అసలు ప్రశ్న కాదు. రాత్రి రేసుకి మట్టి ఎలా ఉంటుంది అన్నదే ప్రశ్న. దానికి జవాబు తెలియాల్సిన మనిషి నీళ్ళ ట్యాంకర్ నీడలో కూర్చుని ఖర్జూరాలు తింటున్నాడు. పేరు భూమేష్, జగిత్యాల వైపు. ట్రాక్‌కి నీళ్ళు కొట్టే పని అతనిది.

"అన్నా, రేసుకి ముందు మళ్ళీ నీళ్ళు కొడతారా?"

"కొట్టుమంటే కొడ్త అక్కా. వద్దంటే బంద్. నాదేమున్నది?"

"ఎవరు చెప్తారు మరి?"

"ఎవలో ఒకలు చెప్తరు."

వర్ష ఫోన్లో వాతావరణం చూసింది. పొద్దు గూకగానే గాలి పడిపోతుందని యాప్ నమ్మకంగా చెప్పింది. గాలి లేకపోతే మట్టి ఎండదు. వంగి మట్టిని వేలితో నొక్కింది. చల్లగా, మెత్తగా ఉంది. రెండు చక్రాలదాన్ని చేతిలోకి తీసుకుంది.

టీమ్ కెప్టెన్ సురయ్యా కరీంనగర్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు. చూపుతోనే నోరు తెరిపించే రకం. క్లబ్బులో అందరికీ ఆపా, అంటే అక్క.

"ఫిక్సా? తర్వాత మార్చుడు ఉండదు."

"ఫిక్సే ఆపా," అంది వర్ష. ఆ మాట అనగానే నాలుగు చక్రాలది ఎంత అందంగా ఉందో కనిపించింది.

మగ్రిబ్ అజాన్ వినిపించింది. రిమోట్‌లు బల్ల మీదే వదిలేసి అందరూ నమాజుకి కదిలారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ట్రాక్‌నీ బగ్గీలనీ ఎవరూ ముట్టుకోరు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు, చెప్పాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. వర్ష, భూమేష్ ఇద్దరే మిగిలారు.

గాలి యాప్ చూసుకోలేదు కాబోలు, పడిపోలేదు. పెరిగింది. ట్రాక్ అటు చివర గోధుమరంగు పోయి బూడిదరంగు తిరుగుతోంది. వర్ష కళ్ళముందే ఆ రంగు ఒక్కో మలుపూ మింగుకుంటూ ఇటే వస్తోంది. ఆమె గోళ్ళు కొరికింది. కూర్చుంది. లేచింది. శ్రీహర్షకి ఫోన్ చేద్దామనుకుని, ఏం చెప్పాలో తెలియక మానేసింది.

భూమేష్ పైపు భుజాన వేసుకుని వచ్చాడు. "ఎండిపోతున్నదక్కా. కొట్టాల్నా?"

'ఆపా వచ్చాక అడుగన్నా.' ఇంతే అనాలి. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ తల ఊగింది, అవునన్నట్టు. తల ఊపడం చెప్పడం కిందికి రాదులే అని ఆ క్షణంలో తనకి తనే సర్దిచెప్పుకుంది.

పంపు మోగింది. దగ్గరి మలుపు నల్లబడింది, దాని పక్కది నల్లబడింది. వర్ష గుండె కాస్త కుదుటపడి, బగ్గీకి దుమ్ము పట్టిందేమోనని బల్ల వైపు తిరిగింది. పట్టలేదు. వెళ్ళేముందు అఫ్రీన్ తన తువ్వాలు రెండు బగ్గీల మీదా కప్పి, ఎగిరిపోకుండా అంచు మీద స్పానరు పెట్టి వెళ్ళింది.

"అన్నా! ఆపు! ఆపన్నా!"

పంపు హోరులో వినబడలేదు. చేతులూపుకుంటూ పరిగెత్తింది. భూమేష్ పంపు ఆపేసరికి ట్రాక్ సగం తడి, సగం దుమ్ము.

"ఒకపారి కొట్టుమంటవ్, ఒకపారి వద్దంటవ్. గిదేం లొల్లి అక్కా!"

నమాజు నుంచి వచ్చిన సురయ్యా ట్రాక్ ముందు ఆగిపోయింది. "ఎవలు కొట్టుమన్నరు?"

భూమేష్ పైపు చుట్టుకుంటూ తల వంచేశాడు. వర్ష వైపు చూడను కూడా లేదు. ఆమె నోరు మూసుకుని ఉంటే మాట అతని మీదికే పోతుంది. ఆమె ముందుకొచ్చింది.

"నేనే ఆపా. అన్న అడిగాడు, నేను తలూపాను."

"మేం నమాజుల ఉంటే?"

వర్ష తలూపబోయి, "ఆ," అంది.

అఫ్రీన్ బల్ల దగ్గరికెళ్ళి బగ్గీల మీది తన తువ్వాలు తీసి మడతపెట్టుకుంది.

"ఇగ నీళ్ళు లేవ్, ఏం లేవ్. గిట్లనే ఉరుకుతరు," అంది సురయ్యా. "ఏ బండో ఇప్పుడు అఫ్రీన్ చెప్తది."

"రెండు చక్రాలది నాకియ్యి," అంది అఫ్రీన్.

"అది ఎండిన వైపు నిలబడదే..."

"నాకెరుకే. మొదటిసంది అదే కావాలనుకున్న. కొత్తదానివి, నువ్వే తీస్కోవాలె అని ఊకున్న."

రేసు మొదలైంది. వర్షకి నాలుగు చక్రాలది మిగిలింది. ఎండిన వైపు ఆమె బగ్గీ దూసుకుపోయింది, అఫ్రీన్‌ది వెనక గింగిరాలు కొట్టింది. తడి వైపు అఫ్రీన్ అందుకునేది. ప్రతి చుట్టూ ఇదే. తడి మలుపు వచ్చినప్పుడల్లా వర్ష వేగం తగ్గించి, బతుకుజీవుడా అని బయటపడేది. ఆఖరి చుట్టులో ఆమే ముందుంది. తడి మలుపు వచ్చింది. ఈసారి ఆమె వేలు వేగం తగ్గించలేదు. బగ్గీ ఓ పక్కకి లేచి, ఆలోచించుకుంటున్నట్టు నిలబడి, వెల్లకిలా పడింది. నాలుగు చక్రాలూ గాల్లో తిరుగుతున్నాయి. రెండు చక్రాలది పక్కనుంచి వెళ్ళిపోయింది.

జెడ్డా అఫ్రీన్‌ది.

తిరుగుదారిలో అఫ్రీన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కారు నడిపింది. చివరికి వర్షే, "మాట్లాడవా నాతో?" అంది.

"బెల్టు పెట్టుకో," అంది అఫ్రీన్. కాంపౌండ్ గేటు దగ్గర దింపింది. ఎప్పటిలాగే వర్ష లోపలికి వెళ్ళేదాకా కారు కదల్లేదు. అది క్షమించడమో, అలవాటో వర్షకి ఇంకా తేలలేదు. రేపు అఫ్రీన్‌కి మెసేజ్ పెట్టాలా వద్దా అని నన్నడుగుతోంది.

నాకేం తెలుసు? మీరు చెప్పండి. ఎవరూ చూడని చోట మీ తల ఎప్పుడైనా అలా ఊగిందా? ఊగాక స్నేహితురాలి ముందుకి ఎలా వెళ్ళారు? నాకు రాయండి, వర్షకి చదివి వినిపిస్తాను.