గిన్నెల ఆట

ఇటు రండమ్మా, ఆ కుర్చీలు కాస్త ముందుకు లాక్కోండి. నా గొంతు ఇప్పుడంత దూరం రాదు. మీరేమో చెవుల్లో ఏవో దూర్చుకుని తిరుగుతారు, అవి తీసి ఒళ్ళో పెట్టుకోండి. ఓ కోడలి సంగతి చెప్తాను. పెద్ద కథేం కాదు, ఆవిడ గిన్నెలు కడిగే పద్ధతి దగ్గర మొదలవుతుంది.

ఆవిడ కడిగేటప్పుడు మాటిమాటికీ కొళాయి కట్టేస్తుంది. పళ్ళెం తడుపుతుంది, కట్టేస్తుంది. సబ్బు రాస్తుంది, విప్పుతుంది, తొలుస్తుంది, మళ్ళీ కట్టేస్తుంది. పదహారేళ్ళుగా అంతే. కాపురానికొచ్చిన మొదటి వారం, ఇంటినిండా చుట్టాలుండగా, అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, మీ పుట్టింట్లో నది పారేదా? ఇక్కడున్నది కొళాయే," అంది. చుట్టాలంతా ఘొల్లుమన్నారు. ఆవిడ చెవులు కాలిపోయాయి. ఆ రోజు నుంచి చెయ్యి దానంతటదే కొళాయి మీదికి పోతుంది. ఎవరు తిట్టారో, ఎందుకు తిట్టారో మనసు మర్చిపోయినా చెయ్యి మర్చిపోదు చూడండి, అలాగన్నమాట.

ఆవిడ ఒక పత్రికాఫీసులో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం చేసేది. పదకొండేళ్ళు ఒకటే కుర్చీ. వేరేవాళ్ళ వాక్యాల్లో జారిపోయిన కొమ్ములూ దీర్ఘాలూ ఏరి పెట్టడమే పని. ఆ పత్రికలో ఆటల పేజీ ఒకటుండేది. మైదానంలో ఆడేవి కాదు, తెరమీద ఆడేవి. ఆ పేజీ ఇన్‌ఛార్జి ఒకరోజు ఆవిడ బల్లమీద ఓ డబ్బా పెట్టాడు.

"మేడమ్, ఇది ఆటంటారుగానీ సీరియల్ లాంటిది. ఐదు భాగాలట, రెండు నెలలకొకటి వదుల్తారట. కాల్చుకోవడాల్లేవు, కొట్టుకోవడాల్లేవు. బళ్ళో చదివే పిల్లలు మాట్లాడుకుంటూ ఉంటారంతే. మా కుర్రాళ్ళెవరూ ముట్టుకోలేదు. మీరైతే ఓపిగ్గా చూసి నాలుగు ముక్కలు రాసిస్తారని."

ఆ 'ఓపిగ్గా' దగ్గరే ఆవిడకి అర్థమైపోయింది. ఇంట్లో అడుగంటిన గిన్నె ఎలా తన వంతుకొస్తుందో ఇదీ అలాగే వచ్చింది. పేరు వెయ్యరు. రాసిందాని కింద ఐదింటికి ఎన్ని నక్షత్రాలో పెడతారు, అంతే. అయినా లోపలెక్కడో చిన్న దీపం వెలిగింది. పదకొండేళ్ళకి తన వాక్యం అచ్చవబోతోంది కదా.

ఆ ఆటలో ఓ పదిహేనేళ్ళ పిల్ల ఉంటుంది. బళ్ళో అందరూ ఆ పిల్ల స్నేహితురాలిని ఏడిపిస్తుంటే ఈ పిల్ల నోరు మెదపకుండా నిలబడింది. ఆ స్నేహితురాలు బడి మానేసింది. ఇంక ఈ పిల్లకి నిద్ర లేదు, తిండి లేదు, వాళ్ళమ్మ మొహం చూసే ధైర్యం లేదు. అమ్మ అడిగినప్పుడల్లా తెరమీద మూడు జవాబులు కనిపిస్తాయి, ఆడేవాళ్ళు ఒకటి నొక్కాలి. ఏదీ నొక్కకుండా ఊరుకున్నా ఆట సాగుతుంది. అప్పుడా పిల్ల చొక్కా చేతి గుండీ పెట్టుకుంటూ తీసుకుంటూ నిలబడుతుంది. మన కోడలు మేడమీది చిన్న గదిలో కూర్చుని ఆ గుండీ చూసి కళ్ళొత్తుకుంది. చూసింది చూసినట్టే రాసి, నాలుగు నక్షత్రాలు పెట్టింది.

అది అచ్చయిన రోజు భోజనాల దగ్గర మొగుడు పేపరు చేత్తో పట్టుకుని, గొంతు సన్నం చేసి, ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాడు. "'చెప్పవలసిన మాట ఆ గుండీలో ఇరుక్కుపోయింది'... వినండి, వినండి! ఆట గురించి రాయమంటే మా ఆవిడ గుండీల గురించి రాసింది. రేపు పిన్నీసుల మీద రాస్తావా?" అన్నాడు. అత్తగారికి నవ్వాగక పొలమారింది. ఎదురుగా కూతురుంది, పద్నాలుగేళ్ళది, పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. ఆవిడ లేచి అత్తగారికి మంచినీళ్ళిచ్చింది. తనని చూసి నవ్విన మనిషి వీపు తనే నిమిరింది.

మర్నాడు ఇన్‌ఛార్జి కూడా, "బాగుందిగానీ మరీ మెత్తగా ఉంది మేడమ్. చదివేది కుర్రాళ్ళు కదా, కాస్త గట్టిగా ఉండాలి," అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, "ఆ పేజీ వదిలేశాను, నాకెందుకొచ్చిన గొడవ," అని చెప్పేసింది. వదల్లేదు. ఇంట్లో అబద్ధమాడి ఆఫీసులో రాస్తూనే ఉంది. కాకపోతే రెండో భాగం నుంచీ ముందు మిగతా పత్రికలవాళ్ళు ఏం రాశారో చదివి, వాళ్ళ గొంతు తన గొంతులోకి దించుకుని, అప్పుడు రాసేది.

ఇక మూడో భాగం. అందులో ఆ పిల్ల వంటింట్లో పదకొండు పళ్ళేలు కడగాలి. మీట నొక్కితే నీళ్ళు, ఇంకో మీట నొక్కితే సబ్బు. అన్నీ అయితేగానీ కథ కదలదు. దేశదేశాల విమర్శకులూ విరుచుకుపడ్డారు. ఇదేం ఆట, ఇదేం సాగదీత, గిన్నెలు కడగడానికా మేం కూర్చుంది అని. నిజమే, వాళ్ళంతా నీళ్ళు ధారగా వదిలేసి గబగబా కడిగేసి బయటపడ్డారు. మన కోడలు మాత్రం మొదటి పళ్ళెం తడపగానే, చూసుకోకుండానే, మీట మళ్ళీ నొక్కి కొళాయి కట్టేసింది. అలవాటు కదా.

నీళ్ళ చప్పుడు ఆగింది. గోడ అవతల ఆ ఆటలోని పిల్ల వాళ్ళమ్మ గొంతు వినిపించింది.

ఆ తల్లి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. "దాన్ని చూసి కాదు నేను సిగ్గుపడేది. బళ్ళో ఏం జరిగిందో నాకు మొదటిరోజే తెలుసు. అడిగితే ఏడుస్తుందని అడగలేదు. నన్ను చూసే నాకు సిగ్గు," అంటోంది. పదకొండు పళ్ళేలూ అలా కట్టేస్తూ విప్పుతూ కడిగితేనే మాట మొత్తం వినిపిస్తుంది. ఆట చేసినవాళ్ళు దాన్నక్కడ దాచి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ వినలేదు కూడా. ఆవిడొక్కతే విన్నది.

విన్నది, విని ఏం రాసిందో తెలుసా? "కథ సాగదీశారు. ఇది గిన్నెల ఆట. తల్లి పాత్ర రాయిలా ఉంది, ఎందుకుందో తెలియదు." ఒక్క నక్షత్రం.

ఇన్‌ఛార్జి బల్ల చరిచాడు. "ఇదీ రాతంటే! మగాడు రాసినట్టుంది!" 'గిన్నెల ఆట' అన్న మాట ఆ పత్రిక నుంచి ఈ పత్రికకీ, ఫోన్ల నుంచి ఫోన్లకీ పాకింది. ఆటకి అదే పేరైపోయింది. ఇంట్లో మొగుడు భోజనాల దగ్గర మళ్ళీ పైకి చదివాడు, ఈసారి గొంతు సన్నం చెయ్యకుండా. "చూడు, నీ తర్వాత వచ్చినవాడెవడోగానీ ఎలా రాశాడో! చూసి నేర్చుకో," అన్నాడు. అత్తగారు మళ్ళీ నవ్వింది, "గిన్నెల ఆటట! మా ఇంట్లో రోజూ ఆడతారుగా," అని. ఆవిడా నవ్వింది. లోపల పొంగిపోయింది కూడా. ఇందుకే ఆవిడ తర్వాత తనని తాను క్షమించుకోలేకపోయింది. అబద్ధం రాసినందుకంటే, ఆ పొగడ్త తియ్యగా ఉన్నందుకే ఎక్కువ.

నాలుగో భాగం వచ్చింది. ఆట చేసినవాళ్ళు విమర్శలన్నీ విన్నారు పాపం. వంటిల్లు తీసేశారు. ఆ పిల్ల పరిగెత్తింది, గోడలు దూకింది, వాళ్ళమ్మ ఎక్కడా కనిపించలేదు. బాగుపడిందని అందరూ నక్షత్రాలు కుమ్మరించారు. ఆవిడా కుమ్మరించింది.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కడుగుతుంటే కూతురు తుడుస్తోంది. ఉన్నట్టుండి కూతురు, "అమ్మా, గిన్నెల ఆట అని ఉంది చూడు, అది నేను మా ఫ్రెండ్ వాళ్ళింట్లో ఆడాను," అంది.

"ఎప్పుడు?"

"ఎప్పట్నుంచో. మూడో దాంట్లో కొళాయి కట్టేస్తే వాళ్ళమ్మ మాట్లాడేది వినిపిస్తుంది, తెలుసా? నేను నీలాగే కట్టేశాను, చెయ్యి దానంతటదే పోయింది. నాలుగుసార్లు విన్నాను. నాలుగో భాగంలో చూస్తే ఆ అమ్మ గదికి తలుపే లేదు. గోడ కట్టేశారు." తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తోంది పిల్ల. "ఆ పేపర్లో రాశాడే ఒకడు, వెధవ, వాడివల్లే. వాడు జన్మలో గిన్నె కడిగుండడు. నువ్వు ఆ పేజీ వదిలెయ్యకుండా ఉండాల్సిందమ్మా. నువ్వైతే కొళాయి కట్టేదానివి."

ఆటలోలాగే మూడు జవాబులు ఆవిడ కళ్ళ ముందు నిలబడ్డాయి. 'ఔను' అనొచ్చు. 'పోనీలే' అనొచ్చు. ఊరుకోవచ్చు, ఊరుకున్నా రోజులు సాగుతాయి. పదహారేళ్ళుగా సాగుతున్నవి అవే. ఈ పిల్ల నాలుగుసార్లు ఎందుకు వినుంటుంది? దీని బళ్ళో ఏం జరుగుతోంది? తనెప్పుడైనా అడిగిందా? పైగా ఆ తలుపు మూసింది తనే కదా, ఎవరికీ తెలియని చోట కూర్చుని, పేరు కూడా లేకుండా.

"ఆ వెధవని నేనేనే," అంది.

కూతురు పళ్ళెం కింద పెట్టి, చెయ్యి చాచి, కొళాయి మొత్తం విప్పేసింది. ఆవిడ ఇంకేదో చెబుతోంది, నీళ్ళ హోరులో ఏమీ వినపడలేదు. పిల్ల వెళ్ళిపోయింది. అంత ధారగా నీళ్ళు పోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూళ్ళేదు. ఆ రోజు ఆవిడ కట్టలేదు.

ఐదో భాగం, ఆఖరిది, వచ్చాక రాసి ఇన్‌ఛార్జి చేతిలో పెట్టింది. మొదటి వాక్యాలే ఇలా ఉన్నాయి. "ఈ ఆట గురించి ఈ పేజీలో ఇన్నాళ్ళూ రాసింది నేనే. మూడో భాగంలో నేను కొళాయి కట్టాను, తల్లి మాట విన్నాను, విననట్టు రాశాను. నలుగురూ నవ్వుతారని భయపడి రాశాను." కింద తన పేరు.

"ఇది సమీక్షేం కాదు మేడమ్, క్షమాపణ."

"రెండూనూ."

"పేరెలా వేస్తామండీ? ఈ పేజీలో పేర్లుండవు, మీకు తెలుసుగా."

"అచ్చుతప్పనుకోండి. దిద్దేదాన్ని నేనే కదా. ఈ ఒక్కటీ దిద్దను."

అది అచ్చయిన రోజు మొగుడు పేపరు తీశాడు, నోరు తెరిచాడు, పేరు చూశాడు, మడిచి పక్కన పెట్టాడు. బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఎవరి పళ్ళెం వాళ్ళు చూసుకున్నారు. భోజనాలయ్యాక ఆవిడ వంటింట్లో కొళాయి విప్పి నిలబడింది. పన్నెండు రోజులుగా మాట్లాడని కూతురు వెనకనుంచి వచ్చి, చెయ్యి చాచి, కొళాయి కట్టేసింది.

"మా బళ్ళో ఒకమ్మాయి ఉందమ్మా," అంది. చేతి గుండీ పెట్టుకుంటోంది, తీసుకుంటోంది. ఆవిడ తడి చేతుల్తోనే ఆ చెయ్యి పట్టుకుని, అక్కడే నేలమీద కూర్చుంది వినడానికి.

ఇంతే సంగతి. మీరూ ఎవరికైనా చెప్పండి, మర్చిపోకండి. ఎన్ని భాగాలో, ఎన్ని నక్షత్రాలో తప్పు చెప్పినా నాకేం పట్టింపు లేదు. కానీ చెప్పేటప్పుడు ఆ అత్తగారి నవ్వు మాత్రం తీసెయ్యకండమ్మా. వంటింటి గుమ్మంలో అన్న మాటా, బల్ల దగ్గర పొలమారిన నవ్వూ, ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. అది నా నవ్వే.