ఒక మెట్టు దిగారు

"అభినందనలు! ముప్పై రోజులుగా మీరు ఎవరి సాయమూ అడగలేదు. ఒక మెట్టు ఎక్కారు!"

బల్ల మీది ఫోన్ ఈ మాట చెప్పేసరికి మావయ్య చనిపోయి పావుగంట అయింది. ఎవరో చాప తెచ్చి పడుకోబెట్టారు. కుడిచేతి వేళ్ళు నల్లగా మాడిపోయి ఉన్నాయి. బల్ల మీద మైక్రోవేవ్ ఓవెన్ మూత ఊడదీసి ఉంది. అభినందనల తర్వాత ఫోన్‌లోంచి చప్పట్లు కూడా వినిపించాయి. ఆయన కూతురు దాన్ని తీసి గోడకేసి కొట్టబోయింది. ఎందుకో ఆగి, సంచిలో వేసుకుంది.

మాది రిపేరు వీధి. రెండు వరసల్లో నలభై రెండు బల్లలు. మావయ్య ఎవరికీ సొంత మావయ్య కాడు, అందరికీ మావయ్యే. ముప్పై ఏళ్ళు మిక్సీలు బాగుచేశాడు. తెలియని సరుకు వస్తే రెండు చేతులా ఎత్తుకెళ్ళి, తెలిసినవాడి బల్ల మీద దింపి, "ఇదేంటో చూడరా" అనడం ఈ వీధి అలవాటు. తిట్టేవాళ్ళు, ఎగతాళి చేసేవాళ్ళు, టీ తెప్పించమనేవాళ్ళు. కానీ చూసి పెట్టేవాళ్ళు. కాదన్నవాడు లేడు.

అప్పుడు కంపెనీ వచ్చింది. వీధి మొదట్లో ఈ చివర నుంచి ఆ చివరకి బ్యానరు కట్టారు: 'మీ వీధికి కృత్రిమ మేధ చేయూత.' ఇళ్ళవాళ్ళు చెడిపోయిన సరుకు ఫోటో పంపిస్తే, అది ఎవరి బల్లకి వెళ్ళాలో ఏఐ నిర్ణయిస్తుందట. ప్రతి బల్ల మీదా ఒక ఫోన్ పెట్టారు. అది పగలంతా మా మాటలు విని మా పని నేర్చుకునేది. మొదట్లో పని పెరిగిన మాట నిజమే, అబద్ధం చెప్పను. తర్వాత మెట్లు వచ్చాయి. పక్కవాణ్ణి అడిగితే "ఒక మెట్టు దిగారు" అనేది. చెప్పినవాడు కూడా దిగేవాడు, పరాయి పని మీద టైము పాడుచేశాడని. నాకు రాదని సరుకు తిప్పి పంపితే వారం రోజులు పనే ఉండదు. పై మెట్టు మీదున్నవాడికే ముందు పని, అది అతనికి వచ్చినా రాకపోయినా. రెండు నెలల్లో మా వీధి పరీక్ష గదిలా తయారైంది. ఒకడి బల్ల ఇంకొకడు చూడకుండా చేతులు అడ్డం పెట్టుకున్నాం.

ఇప్పుడు నా సంగతి. చెప్పాలంటే నా మీద నాకే రోత పుడుతోంది.

ఓవెన్లు తెలిసినవాణ్ణి ఈ వీధిలో నేనొక్కణ్ణే. ఆ మధ్యాహ్నం మావయ్య తన బల్లకి వచ్చిన ఓవెన్ ఎత్తుకుని నా బల్ల దాకా వచ్చాడు. నోరు తెరవలేదు. కళ్ళతో ఓవెన్ చూపించాడు, కనుబొమలు ఎగరేశాడు. నేనప్పుడు పై నుంచి రెండో మెట్టు మీద ఉన్నాను.

"ఫోన్ వింటోంది మావయ్యా" అన్నాను, గొంతు తగ్గించి.

ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు నిలవుంటుంది, ముందు దాన్ని దింపెయ్యాలి అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన తలూపి, ఓవెన్ ఎత్తుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ వీపు ఇప్పటికీ నాకు కనిపిస్తోంది.

మర్నాడు పొద్దున్నే కంపెనీ మనిషి వచ్చాడు. ఏం చెప్పినా నవ్వుతూ చెబుతాడని మేం అతనికి నవ్వులాయన అని పేరు పెట్టాం. ఆ రోజు కూడా నవ్వాడు. ఒక కాగితం నా బల్ల మీద పరిచాడు.

"చనిపోయినాయనకి పని సరిగ్గా రాదనీ, ఆయన అజాగ్రత్త వల్లే ఇలా జరిగిందనీ ఓవెన్లు తెలిసినవారిగా మీరు సంతకం పెట్టాలి. ఫోన్‌లో సాయం బటన్ ఉంది కదండీ. ఆయన నొక్కలేదు. మేమేం చేస్తాం?"

"నొక్కితే మెట్టు దించేస్తారు కదా?"

"అది సిస్టమ్ అండీ. సంతకం పెట్టెయ్యండి, అన్నిటికన్నా పై మెట్టు మీదే."

వాంతి చేసుకుంటే అతని బూట్ల మీదే చేసుకోవాలనిపించింది. "రేపు చూద్దాం" అన్నాను. వెంటనే కాదనే ధైర్యం కూడా లేదు నాకు.

సాయంత్రం వైండింగ్ అక్క కొట్లో అందరం కూడాం. మోటార్లకి తీగ చుట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఫోన్లన్నీ ఒక బకెట్లో వేయించి, మూత పెట్టి, ఆ మూత మీద పాత మోటారు ఎక్కించింది. "ఇప్పుడు ఏడవండి" అంది.

"ఆ బకెట్లో నీళ్ళు పోసేద్దాం" అన్నాడు ఫ్యాన్లవాడు.

"పోస్తే రేపు కొత్తవి తెస్తారు. నీ బల్ల ఎవడికో ఇస్తారు" అన్నాడు టీవీలాయన.

నేను లేచి నిలబడి, మావయ్య నా దగ్గరికి వచ్చిన సంగతి చెప్పాను. కాగితం సంగతీ చెప్పాను. ఆయన కూతురు నా ముఖంలోకి చూస్తోంది. ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"నీ ముఖాన ఉమ్మెయ్యాలనుందిరా" అంది అక్క. "కానీ పోయిన వారం ఈ ఫ్యాన్లవాడు వస్తే, నేనూ చూడనట్టు తల తిప్పుకున్నాను. ఎవడు చెయ్యలేదో చెప్పండి, వాడొచ్చి ఉమ్ముతాడు."

ఎవరూ లేవలేదు.

మావయ్య కూతురు కాలేజీలో కంప్యూటర్లు చదువుతోంది. కళ్ళు వాచిపోయి ఉన్నా మాట తడబడలేదు. "నాన్నని యంత్రం చంపలేదు బావా. నువ్వొక్కడివే చంపలేదు. అడగడం తప్పని యంత్రానికి నేర్పినవాళ్ళు చంపారు. అదే యంత్రానికి అడగడం మంచిదని కూడా నేర్పొచ్చు. వాళ్ళు నేర్పరు. మీరందరూ కలిసిపోతే వాళ్ళకి మెట్లెక్కడివి?"

"అయితే ఏం చేద్దామంటావే పిల్లా?" అంది అక్క.

"రేపు పదింటికి అందరూ అడగండి. ఆ పని మీకు వచ్చినా సరే, రాకపోయినా సరే."

పొద్దున పదింటికి, మావయ్య బల్ల దగ్గర ఆయన కూతురితో కలిపి, నలభై రెండు బల్లల వాళ్ళూ లేచారు. ఫ్యాన్లవాడు ఫ్యాను ఎత్తుకుని అక్క దగ్గరికి, అక్క మోటారు ఎత్తుకుని టీవీలాయన దగ్గరికి, టీవీలాయన టీవీ ఎత్తుకుని నా దగ్గరికి. "ఇదేంటో చూడరా!" వీధంతా అదే కేక. ఫోన్లు ఒకదాని మీద ఒకటి అరిచాయి: "ఒక మెట్టు దిగారు. ఒక మెట్టు దిగారు." రెండు నెలల తర్వాత వీధిలో నవ్వులు వినిపించాయి. మధ్యాహ్నానికి అందరం అట్టడుగు మెట్టు మీద ఉన్నాం. పని ఎవరికి పంపాలో తేల్చుకోలేక కంపెనీ ఏఐ చేతులెత్తేసింది. జనం సరుకు చంకన పెట్టుకుని నేరుగా వీధికే రావడం మొదలుపెట్టారు.

మావయ్య కూతురు అక్క కొట్లో ఒక పాత కంప్యూటరు పెట్టింది. అందులో మెట్లు లేవు. ఏ సరుకు ఏ బల్లకి తెలుసో చెబుతుంది, ఎవరు ఏది అడిగినా దాచి పెట్టుకుని తర్వాతివాళ్ళకి చెబుతుంది. అది మా నలభై రెండు మందిది, ఏం నేర్పాలో మేమే కూర్చుని తేల్చుకుంటాం. మొదటి మాట నన్ను చెప్పమంది. మూడోసారికి గానీ ఆ మాట పూర్తిగా చెప్పలేకపోయాను.

"ఓవెన్ ప్లగ్గు పీకినా లోపల చెయ్యి పెట్టొద్దు. ప్రాణం పోతుంది. మూడో బల్లకి రా. నేనుంటాను."

నాలుగో రోజు నవ్వులాయన పోలీసుల్ని వెంటేసుకుని వచ్చాడు. చేతిలో అదే కాగితం. ఈసారి నవ్వు లేదు.

"పని ఎందుకు ఆపేశారు?" అని పోలీసు గద్దించాడు.

"ఆపలేదు. అడుగుతున్నాం" అంది అక్క.

"మీరు సంతకం పెడతారా, పెట్టరా?" అన్నాడు నవ్వులాయన.

మావయ్య కూతురు కొట్టు గుమ్మంలో నిలబడి ఉంది. నేను కాగితం తీసుకున్నాను. 'పని రాదు' అన్నచోట కొట్టేసి, 'అడగడానికి వచ్చాడు, నేను చెప్పలేదు, చెబితే మెట్టు దించుతామని కంపెనీ భయపెట్టింది' అని రాశాను. దాని కింద సంతకం పెట్టాను. అక్క కాగితం లాక్కుని తనూ పెట్టింది. ఫ్యాన్లవాడు పెట్టాడు. అది చేతులు మారుతూ వెళ్ళిపోతుంటే నవ్వులాయన దాని వెనక పరిగెత్తాడు.

అల్లరి చేయిస్తున్నామని నన్నూ అక్కనూ వ్యానెక్కించారు. మా వీధివాళ్ళు వ్యాను చుట్టూ కమ్ముకున్నారు. దారి ఇవ్వడానికి అరగంట పట్టింది.

వ్యాను మలుపు తిరిగి దర్జీల వీధిలోకి వెళ్ళింది. అక్కడా అదే కంపెనీ, అదే బ్యానరు, ప్రతి మిషను పక్కనా అదే ఫోన్. దర్జీలు కుట్టడం ఆపి మమ్మల్ని చూశారు. అక్క కిటికీ ఊచలు పట్టుకుని, "తెలియంది ముట్టుకోబోయే ముందు అడగండర్రా! పక్కవాణ్ణి అడగండి!" అని అరిచింది. పోలీసు అక్క నోరు మూయబోయాడు.

ఒక ముసలి దర్జీ లేచాడు. సగం కుట్టిన కోటు చేతి మీద వేసుకుని, రోడ్డుకి అడ్డంగా, సరిగ్గా మా వ్యాను ముందు నుంచి నడిచాడు. డ్రైవరు బ్రేకు వేశాడు. ఎదురు కొట్టు ఆవిడ బల్ల మీద కోటు పరిచి, "ఈ భుజం ఎందుకు లాగేస్తోందో చూడవే" అన్నాడు.

"ఒక మెట్టు దిగారు" అంది ఫోన్.

ఆ పక్క కొట్టువాడూ లేచాడు.